బల్ల మీద ఈత

ఎలాగమ్మకి ఈత వచ్చు. ఈ విషయంలో ఆవిడకి గాని, ఆవిడ భర్తకి గాని, పిల్లలకి గాని ముప్ఫై ఏళ్ళుగా రవ్వంత అనుమానం లేదు. నీళ్ళలో మాత్రం ఆవిడ ఎప్పుడూ దిగలేదు. అవసరం రాలేదు, అంతే. వంట వచ్చిన మనిషి పొద్దస్తమానం వండుతూ కూర్చోదు కదా, ఇదీ అలాంటిదేనని ఆవిడ లెక్క.

ఆవిడకి అసలు పేరు వేరే ఉంది. దానితో మనకి పని లేదు. కాలేజీలో చేరిన కొత్తలోనే ఈ పేరు పడింది. ఎవరు ఏం చేస్తున్నా పక్కన చేరి, "అదెలాగ?" అని అడగడం ఆవిడ అలవాటు. నాలుగు పాయల జడ వేసుకున్న పిల్ల కనిపిస్తే అదెలాగ, కుళాయి బాగుచేస్తున్న పనివాడు కనిపిస్తే అదెలాగ. లెక్చరరుగారు పాఠం ముగించి, చేతులకంటిన సుద్ద దులుపుకుని, గంట కొట్టడానికి ఇంకో నిమిషం ఉందనగా లేచి నిలబడి, "అదెలాగ సార్?" అనేది. ఆకలితో నకనకలాడుతున్న క్లాసంతా ఆమె వైపు కొరకొరా చూసేది. ఆమె మాత్రం జవాబు విని, తృప్తిగా తల ఊపి కూర్చునేది.

హాస్టల్లో ఆమెకి దొరికిన గదిలో మూడు మంచాలు, ఒక పొడుగాటి చెక్కబల్ల ఉండేవి. మొదటి సాయంత్రం ముగ్గురు ఆడపిల్లలూ మూడు మంచాల మీద ముడుచుకుని కూర్చున్నారు. ఎవరి ఇల్లు వాళ్ళకి గుర్తొస్తోంది. ఎవరైనా ఒక్క మాటంటే ముగ్గురూ బావురుమనేలా ఉన్నారు. అప్పుడు కిటికీ పక్క మంచం మీది పిల్ల, లారీ డ్రైవరు కూతురు, గొంతు సవరించుకుంది.

"ఇలాగే కూర్చుంటే పిచ్చెక్కుతుంది గాని, ఎవరికేం వచ్చో చెప్పండి. నాకు డ్రైవింగ్ వచ్చు" అంది.

ఎలాగమ్మ కాస్త ఆలోచించి, "నాకు ఈల వేయడం వచ్చు. రెండు వేళ్ళు పెట్టి" అంది. వాళ్ళ నాన్న ఆటల పోటీల్లో రిఫరీ. మెడలోని ఈల ఎక్కడో పారేసుకున్న రోజున నోటి ఈలతోనే ఆట మొత్తం నడిపించిన ఘనుడు.

మూడో పిల్ల సన్నగా, కళ్ళజోడుతో, గోడకి అతుక్కుపోయి ఉంది. తన వంతు వచ్చేసరికి గుటక మింగి, "నాకు ఈత వచ్చు" అంది. తండ్రి ఈత మాస్టారట. ఇంకేం కావాలి, ఆ సాయంత్రానికే ఆ పిల్ల చేప అయిపోయింది. లారీ డ్రైవరు కూతురు సారథి అయింది.

సారథే ఆ గదికి ఒక చట్టం కూడా చేసింది. తెలిసినవాళ్ళు నేర్పాలి, తెలియనివాళ్ళు నేర్చుకోవాలి, సిగ్గుపడినవాళ్ళు గది ఊడవాలి. చదువులు ముగిసేదాకా ఆ గదిలో ఆ చట్టం అమలైంది. కాలేజీ వాళ్ళు చెప్పిన పాఠాలు ఎవరికి ఎన్ని గుర్తున్నాయో చెప్పలేం గాని, ఆ గదిలో నేర్చుకున్నవి మాత్రం ముగ్గురికీ ఒంటికి పట్టాయి.

సారథి పాఠానికి అన్నం పళ్ళెం స్టీరింగు. మూడు చెప్పులు వరసగా పెడితే క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు. బక్కెట్లో నిలబెట్టిన గొడుగు గేరు. ఎలాగమ్మ మంచం అంచున కూర్చుని పళ్ళెం పట్టుకునేది. సారథి పక్కన కూర్చుని రోడ్డు చూపించేది.

"ముందు ముసలాయన దాటుతున్నాడు. బ్రేకు. అదిగో, క్లచ్చి తొక్కకుండా బ్రేకు తొక్కావు, బండి ఆగిపోయింది. వెనకాల అందరూ హారన్ కొడుతున్నారు, వినపడట్లేదా?"

"వినపడుతోంది. ఇప్పుడెలాగ?"

"ముందు ముసలాయనకి సారీ చెప్పు."

చేప పాఠం బల్ల మీద. దుప్పటి నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పరిచి, దానిమీద బోర్లా పడుకోవాలి. సారథి కాళ్ళ దగ్గర నిలబడి మడమలు పట్టుకుని ఆడించేది. చేప తల దగ్గర నిలబడేది. మామూలుగా నోరు పెగలని ఆ పిల్ల, ఈత పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఇంకో మనిషి.

"మోచెయ్యి ముందు లేవాలి, వేళ్ళు కాదు. చెయ్యి దూరంగా చాపు, అటక మీది డబ్బా అందుకుంటున్నట్టు. ఇప్పుడు తల తిప్పు. ఎత్తకూడదు, తిప్పాలంతే. పక్కింట్లో ఏదో గొడవ జరుగుతోంది, విను. విన్నావా? ఊపిరి పీల్చుకో. మళ్ళీ మొహం కిందకి. విన్నదంతా నీళ్ళకి చెప్పేసెయ్."

ఊపిరి పీల్చడం పక్కింటి గొడవ, వదలడం నీళ్ళకి చెప్పడం. ఎలాగమ్మకి అది ఎంతగా నచ్చిందంటే, కాలేజీ అయ్యేలోపు కళ్ళు మూసుకుని కూడా చేసేయగలిగేది. బల్ల మీద ఆమె ఈదిన దూరం కలిపితే ఒక చిన్న సముద్రం దాటి ఉండేది.

ఈల దగ్గరే తేడా వచ్చింది. సారథి వారం తిరక్కుండా హాస్టలంతా అదిరిపోయేలా వేసింది. చేపకి మాత్రం ఎన్ని తిప్పలు పడినా ఉఫ్ అని గాలి తప్ప చప్పుడు రాలేదు. పెదాలు ఎండిపోయి, మొహం ఎర్రబడి, "నా వల్ల కాదే" అని సిగ్గుపడి వెళ్ళి చీపురు అందుకునేది. ఆ గది ఎప్పుడూ అద్దంలా ఉండేదంటే చేపకి ఈల రాకపోవడమే కారణం.

ఒకసారి వార్డెనమ్మ తలుపు తట్టకుండా లోపలికి వచ్చింది. ఒకామె బల్ల మీద బోర్లా పడి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది. ఒకామె పళ్ళెం పట్టుకుని గోడని హారన్‌తో బెదిరిస్తోంది. మూడో ఆమె రెండు వేళ్ళూ నోట్లో పెట్టుకుని గుడ్లు తేలేసి ఉంది. వార్డెనమ్మ ముగ్గురినీ మార్చి మార్చి చూసి, వచ్చిన పని మరిచిపోయి, తలుపు తనే మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, ఆ చదువు ఉత్త ఆట కాదని ఎలాగమ్మకి పెళ్ళయ్యాక రుజువైంది. డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళిన మొదటి రోజే ఆవిడ కాళ్ళు చెప్పకుండానే క్లచ్చి మీదికీ బ్రేకు మీదికీ వెళ్ళాయి. నేర్పే ఆయన ఆశ్చర్యపోయి, "ఇదివరకు ఏం బండి నడిపేవారమ్మా?" అని అడిగాడు.

"పళ్ళెం" అంది ఎలాగమ్మ.

అదీ ఆవిడ ధీమా. పళ్ళెం మీద నేర్చుకుంటే కారు నడిచినప్పుడు, బల్ల మీద నేర్చుకుంటే ఈత రాక ఎక్కడికి పోతుంది? భర్తకీ అదే నమ్మకం. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. అక్షరం తప్పు పడితే పట్టుకుంటాడు గాని భార్య మాట మీద మాత్రం ఎర్రసిరా గీత పెట్టే అలవాటు లేదు. పిల్లల చిన్నప్పుడు ఒకసారి అందరూ పడవ ఎక్కారు. పడవ అటూ ఇటూ ఊగింది, మిగతావాళ్ళు దేవుణ్ణి తలచుకుంటున్నారు. ఈయన మాత్రం పిల్లలిద్దరినీ అంచున కూర్చోబెట్టి, "ఏం భయం లేదర్రా, మీ అమ్మకి ఈత వచ్చు" అన్నాడు. ఎలాగమ్మ కొంగు బిగించి సిద్ధంగానే కూర్చుంది. పడవ బోల్తా పడకపోవడం మన అదృష్టం. పడి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఎలాగమ్మ చేసే పని కట్టుడు పళ్ళు తయారుచేయడం. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తారు. వాటిలో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక దానిమీద గులాబిరంగు మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ వరసలో నిలబెట్టాలి. స్పిరిట్ దీపం మీద చిన్న కత్తి వెచ్చచేసి, మైనాన్ని గోరంత గోరంత చెక్కాలి. కుడిచేతి పని అది. ల్యాబులో కిటికీ పక్క సీటు ఆవిడది, ఎందుకంటే పంటి రంగు పగటి వెలుతురులోనే తెలుస్తుంది. ఎక్కడో ఎవరో ముసలావిడ మనవడి పెళ్ళిలో నోరారా నవ్విందంటే ఆ నవ్వు ఈ కిటికీ దగ్గరినుంచి వెళ్ళిందే. ఆ సంగతి ఆ ముసలావిడకి తెలియదు. ఎలాగమ్మకి తెలుసు. అది చాలు ఆవిడకి. బస్సులో ఎవరైనా నవ్వితే చాలు, ముందు పళ్ళు చూసి తర్వాత మనిషిని చూస్తుంది.

అలా ఏళ్ళ తరబడి ఆ బల్ల మీదికి వంగి వంగి, కుడి భుజం మొరాయించింది. మొదట నొప్పి. తర్వాత జడ వేసుకోవడం కష్టమైంది. ఒకరోజు పై అరలో ఉన్న పళ్ళరంగుల పెట్టె తీసుకుందామని చెయ్యెత్తితే, చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఎంత బతిమాలినా పైకి లేవదు. ఎలాగమ్మ చుట్టూ చూసి, ఎవరూ గమనించలేదని నిశ్చయించుకుని, ఎడమచేత్తో తీసుకుంది.

గమనించనే గమనించాడు ల్యాబు ఓనరు. మంచివాడే. ఆ మంచితనంతోనే చిక్కొచ్చిపడింది. "మీరింత ఇబ్బంది పడటం ఎందుకు మేడమ్? ముందు గదిలో కూర్చుని డాక్టర్ల ఫోన్లు చూసుకోండి. కిటికీ దగ్గర కొత్తమ్మాయిని కూర్చోబెడదాం" అన్నాడు. "వేసవి అయ్యేదాకా చూద్దాం సార్" అంది ఎలాగమ్మ. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఫోన్లు ఎత్తడం చిన్నతనం అని కాదు. పళ్ళు కట్టే పని పోతే తన చేతులతో తను చేయగలిగింది ఏదీ ఉండదని భయం వేసింది.

ఎముకల డాక్టరమ్మ భుజాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బిగుసుకుపోయిందని తేల్చింది. మందులు రాసింది. "మందులకంటే నీళ్ళలో కదలికే దీనికి బాగా పనిచేస్తుంది. మెల్లమెల్లగా మొదలుపెట్టి రోజూ ఈదాలి. ఇంతకీ మీకు ఈత వచ్చా?" అని అడిగింది.

"వచ్చండి" అంది ఎలాగమ్మ. ఆ క్షణంలో ఆవిడకి చేప మీద పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు.

ఈతకొలను ఇంటికి దగ్గర్లోనే ఉంది. ఉదయం పూట ఆడవాళ్ళకి, సాయంత్రాలు అందరికీ. ఎలాగమ్మ ఈత దుస్తులు, నెత్తికి రబ్బరు టోపీ కొనుక్కుని వెళ్ళింది. అక్కడ ఈత నేర్పే కోచ్ ఒక కుర్రపిల్ల, మెడలో ఈల వేలాడుతోంది.

"ఈత వచ్చా ఆంటీ?"

"వచ్చమ్మా."

"ఎంత లోతులో ఈదుతారు?"

"నాకు లోతుతో పట్టింపు లేదు" అంది ఎలాగమ్మ. నిజమే కదా, బల్లకి లోతేముంది.

ఆవిడ మెట్లు దిగి, ఛాతీదాకా వచ్చిన నీళ్ళలో ఒక్క క్షణం నిలబడి, పాఠాలన్నీ ఓసారి నెమరువేసుకుని, హాయిగా బోర్లా పడుకుంది. కింద బల్ల లేదు. ఆవిడ జీవితంలో అంత ఆశ్చర్యపోయిన సందర్భం ఇంకోటి లేదు. మోచెయ్యి ముందు లేపింది, అయినా మునిగింది. పక్కింటి గొడవ విందామని తల తిప్పింది, చెవినిండా నీళ్ళు. కోచ్ పిల్ల దూకి పైకి లాగేసరికి సగం కొలను తాగేసి ఉంది.

మెట్ల మీద కూర్చోబెట్టి వీపు తడుతూ ఆ పిల్ల అడిగింది. "మీరు ఈత ఎక్కడ నేర్చుకున్నారు ఆంటీ?"

"హాస్టల్లో."

"హాస్టల్లో పూల్ ఉండేదా?"

"లేదమ్మా. బల్ల ఉండేది."

ఆ పిల్లకి నవ్వాలో కంగారుపడాలో తెలియలేదు. మొదటినుంచి నేర్పుతానంది. ఎలాగమ్మ ఒప్పుకోలేదు. "నాకు వచ్చమ్మా. ఎక్కడో చిన్న పొరపాటు పడుతున్నాను. నాకు నేర్పినామె వచ్చి చూస్తే ఇట్టే చెప్పేస్తుంది" అంది. తనకి రాదని ఒప్పుకుంటే చేప చెప్పింది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. అది ఆవిడ వల్ల కాదు.

ఇంట్లో ఈ సంగతి విన్న భర్త మొదట గట్టిగా నవ్వాడు. తర్వాత ఉన్నట్టుండి నవ్వు ఆపి, కుర్చీలో కూలబడి, "ఆ రోజు పడవలో..." అన్నాడు.

చేప ఇప్పుడు ఒక బళ్ళో హెడ్‌మిస్ట్రెస్. గోడకి అతుక్కున్న ఆ పిల్లేనా ఈమె అనిపించేలా, వరండాలో ఆమె అడుగుల చప్పుడు వినపడితే చాలు బడి మొత్తం బుద్ధిమంతులైపోతుంది. ఎలాగమ్మ ఆమెకి ఫోన్ చేసి అంతా చెప్పింది.

"నువ్వు చెప్పినట్టే చేశానే. నేనే ఏదో మరిచిపోయి ఉంటాను. ఒక్కసారి వచ్చి చూడు."

"ఇప్పుడు పరీక్షలే" అంది చేప. మళ్ళీ చేస్తే జలుబంది. ఆపైన చేస్తే బడికి తనిఖీ వాళ్ళొస్తున్నారంది. వేసవి కరిగిపోతోంది. ల్యాబులో కొత్తమ్మాయి వచ్చి ఎలాగమ్మ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని పని చూడటం మొదలుపెట్టింది. వినయంగా, "అదెలాగ మేడమ్?" అని అడుగుతోంది. ఎలాగమ్మ అన్నీ చెప్పింది. చెప్పకుండా ఉండలేదు, ఆ గది చట్టం అలాంటిది. చెప్పాక మాత్రం చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి కాసేపు కుళాయి తిప్పి ఊరికే నిలబడింది.

చివరికి సారథికి ఫోన్ చేసింది. సారథి కొరియర్ కంపెనీలో మేనేజరు. పార్సిల్ ఎక్కడ చిక్కుకుపోయినా లాక్కొచ్చి గుమ్మంలో పెట్టే మనిషి. "చేపని తెచ్చే పూచీ నాది" అంది. అన్నట్టే ఆదివారం ఉదయం కారులో చేపని ఎక్కించుకుని, నేరుగా ఈతకొలను దగ్గరికే తెచ్చి దింపింది.

చేప నెత్తిన రబ్బరు టోపీ ఉంది, దానికింద కళ్ళజోడు ఉంది. కొలను గట్టు మీది ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఎలాగమ్మ ఆనందంతో నీళ్ళలోకి దిగి, "రావే, దిగు, చూపించు" అంది.

చేప కదల్లేదు. హాస్టల్లో మొదటి సాయంత్రం మింగినట్టే గుటక మింగింది.

"నాకు ఈత రాదే" అంది.

సారథి, ఎలాగమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నేనెప్పుడూ నీళ్ళలో దిగలేదు. నాన్న మగపిల్లలకే నేర్పేవాడు. వాన రోజుల్లో మా వరండాలో బల్లలు వేసి, వాళ్ళని బోర్లా పడుకోబెట్టి చెప్పేవాడు. నేను కిటికీలోంచి చూసేదాన్ని. నాన్న చెప్పిన ప్రతి మాటా నాకు నోటికొచ్చు. ఆ రోజు మీరిద్దరూ ఏమేం వచ్చో చెప్పారు. నాకు చెప్పుకోవడానికి ఏదీ లేకపోయింది. ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. మీరు అప్పటికప్పుడు చేప అని పేరు పెట్టేశారు. ఇంక రాదని ఎలా చెప్పను?"

ఎలాగమ్మకి కోపం వచ్చింది. మామూలుగా రాదు, అందుకే వచ్చినప్పుడు దాన్ని ఎలా పట్టుకోవాలో ఆవిడకి తెలియదు. "అప్పుడు చెప్పకపోతే పోనీ. ఇప్పుడు నా భుజం సంగతి తెలిసీ, ఇన్ని రోజులు జలుబనీ పరీక్షలనీ... నా సీట్లో ఇంకొకరు కూర్చోబోతున్నారే" అంది. చేప కళ్ళజోడు తీసి తుడుచుకుంది. టోపీలు పెట్టుకుని ఇద్దరు పెద్దమనుషులు ఏడుస్తుంటే చుట్టూ ఈదుతున్నవాళ్ళు మర్యాదగా అటు తిరిగారు.

కోచ్ పిల్ల ఇదంతా వింటోంది. పక్కకి వచ్చి, "ఆంటీ, ఆ బల్ల మీద ఏం నేర్చుకున్నారో ఒకసారి చూపిస్తారా?" అంది. గట్టున బట్టలు పెట్టుకునే బల్ల ఉంది. ఎలాగమ్మ విసురుగా బయటికొచ్చి, దానిమీద బోర్లా పడుకుంది. ఎడమ చెయ్యి పూర్తిగా, కుడి చెయ్యి వెళ్ళినంత మేర. మోచెయ్యి లేచింది, చెయ్యి సాగింది, తల తిరిగింది, ఊపిరి పీల్చింది, వదిలింది.

కోచ్ పిల్ల ఇంకోసారి చేయమంది. తర్వాత ఇంకోసారి. చివరికి చేప వైపు తిరిగి, "మేడమ్, నా దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాళ్ళకి కూడా తల తిప్పడం ఇంత శుభ్రంగా రాదు. అందరూ ఎత్తేస్తారు. ఆంటీకి ఈత మొత్తం వచ్చేసింది. నీళ్ళ మీద తేలడం ఒక్కటే రాదు" అంది.

"అదే కదమ్మా ఈతంటే" అంది సారథి.

"అది కొన్ని రోజుల పని మేడమ్. మిగతాది రావడానికే ఏళ్ళు పడుతుంది."

ముందు సారథి నవ్వింది. ఆ నవ్వు చేపకి అంటింది. బల్ల మీద బోర్లా పడుకుని ఉన్న ఎలాగమ్మ ఇంకా కోపంగానే ఉందామనుకుంది గాని, పొట్ట దానంతట అదే కదలడం మొదలుపెట్టింది. కాసేపటికి ముగ్గురూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు. పడవ సంగతి చెప్పాక మరీను.

నవ్వు తగ్గాక ఎలాగమ్మ లేచి కూర్చుని, కోచ్ పిల్లని చూసి, "తేలడం... అదెలాగమ్మా?" అంది.

ఈ కొలనుకి వచ్చిన ఇన్నాళ్ళలో ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు.

ఆ తర్వాత పని సాఫీగా సాగింది. వెల్లకిలా పడుకుని చెవులు నీళ్ళలో ముంచి ఆకాశం చూడటం నేర్చుకుంది. భయం వేసినప్పుడు ఒళ్ళు బిగిస్తే మునుగుతామని, వదిలేస్తే నీళ్ళే మోస్తాయని తెలుసుకుంది. చేప ప్రతి ఆదివారం వచ్చి గట్టున నిలబడేది. మిగతా రోజుల్లో పొద్దున్నే ఫోన్‌లోనే అడిగేది, చెయ్యి ఎంతవరకు లేచిందని. ఒకరోజు చెవి దాకా వచ్చింది. ఇంకో రోజు జడ తనే వేసుకుంది.

వేసవి చివర్లో ఒక ఆదివారం సాయంత్రం, కొలను ఈ గట్టునుంచి ఆ గట్టుకి ఈదుతానని ఎలాగమ్మ బయల్దేరింది. సారథితో పాటు భర్త కూడా వచ్చాడు. పడవ గుర్తొచ్చిందేమో, ముందుజాగ్రత్తగా తువ్వాలు చేత పట్టుకుని గట్టు చివర నిలబడ్డాడు. సగం దూరం బాగానే వెళ్ళింది. అక్కడ కొలను అడుగున పరిచిన పలకలు కనిపించడం మానేశాయి, నీళ్ళు ముదురు నీలంగా మారాయి. చేతులు గతి తప్పాయి, నోట్లోకి నీళ్ళు వచ్చాయి. గట్టు పట్టుకుందామంటే ఏ గట్టూ దగ్గర్లో లేదు.

అప్పుడు చేప గొంతు వినపడింది. హెడ్‌మిస్ట్రెస్ గొంతు, వరండా ఈ చివర నుంచి ఆ చివరకి వినపడే గొంతు.

"పక్కింట్లో గొడవ జరుగుతోంది. విను."

ఎలాగమ్మ తల తిప్పింది. గాలి దొరికింది.

"విన్నావా? ఇప్పుడు నీళ్ళకి చెప్పేసెయ్. అటక మీద డబ్బా ఉంది, అందుకో. మళ్ళీ విను."

చేప గట్టు వెంబడి నడుస్తూ, ప్రతి అడుక్కీ చెబుతూనే ఉంది. ఎలాగమ్మ ఒక్కొక్క డబ్బా అందుకుంటూ, ఒక్కొక్క గొడవా వింటూ, వేళ్ళకి అవతలి గోడ తగిలేదాకా వెళ్ళింది. గోడ పట్టుకుని, ఆనందం పట్టలేక చెయ్యెత్తి అందరికీ ఊపింది. ఆ ఎత్తింది కుడి చెయ్యి అనీ, అది నిటారుగా ఆకాశంలోకి లేచి ఉందనీ సారథి చూపించేదాకా ఆవిడకి తెలియనే లేదు. భర్త తువ్వాలుతో తన మొహం తుడుచుకున్నాడు.

సారథి రెండు వేళ్ళూ నోట్లో పెట్టి ఈల వేసింది. కొలనులో ఉన్నవాళ్ళంతా కోచ్ పిల్ల వేసిందనుకుని ఠక్కున ఆగిపోయారు. చేప కూడా వేళ్ళు నోట్లో పెట్టుకుంది. ఉఫ్ అని గాలి వచ్చింది.

"చీపురు అదిగో, ఆ మూలనుంది" అంది సారథి.

మర్నాడు ల్యాబులో ఎలాగమ్మ పై అరలోని పళ్ళరంగుల పెట్టె కుడిచేత్తో దించి, కిటికీ దగ్గర తన సీట్లో కూర్చుంది. కొత్తమ్మాయికి పక్కన ఇంకో బల్ల వేయించారు. కథ ఇక్కడితో ఆగినా ఫరవాలేదు గాని, ఆ మరుసటి ఆదివారం జరిగింది కూడా చెప్పాలి.

ఆ రోజు చేప గట్టు మీద నిలబడలేదు. ఎవరూ అడక్కుండానే కళ్ళజోడు తీసి సారథి చేతిలో పెట్టి, కడ్డీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ తడుముకుంటూ నీళ్ళలోకి దిగింది. నడుము దాకా వచ్చాక ఆగింది. చిన్నప్పుడు కిటికీలోంచి చూసిందంతా ఆమెకి నోటికి వచ్చు, ఎలాగమ్మకి చెప్పిందంతా నోటికి వచ్చు. అయినా ముందుకి వంగలేకపోతోంది.

"నువ్వు నేర్పవే" అంది ఎలాగమ్మతో, చిన్నపిల్లలా. "ఎలా పడుకోను? కింద బల్ల లేదు."

ఎలాగమ్మ దగ్గరికి వచ్చి, తన కుడి చెయ్యి నీళ్ళలో అడ్డంగా చాపి, చేప పొట్టకింద పెట్టింది.

"ఇదిగో బల్ల. పడుకో" అంది.